అంకె పుట్టుక తెలిసినవారు: బయోమెడికల్ ఇంజినీరింగ్ నుంచి డేటా సైన్స్ నాయకత్వానికి

న్యూఢిల్లీ: 2021 ఏప్రిల్, మే నెలల్లో దేశ రాజధాని ప్రాంతంలో ఇంటింటా కనిపించిన పరికరం పల్స్ ఆక్సీమీటర్. వేలికి తగిలించిన ఆ చిన్న క్లిప్పుపై 96 కనిపిస్తే ఊరట, 90 కనిపిస్తే కలవరం. ఇంట్లోనే ఉండవచ్చా, ఆసుపత్రిలో పడక కోసం వెతకాలా అన్న నిర్ణయం ఎన్నో కుటుంబాల్లో ఆ రెండంకెల సంఖ్యపైనే ఆధారపడింది. ఆ సంఖ్య ఎలా వచ్చిందని ఆలోచించే తీరిక అప్పుడు ఎవరికీ లేదు.

నిజానికి ఆక్సీమీటర్ రక్తాన్ని తాకదు. ఎరుపు కాంతిని, పరారుణ కాంతిని వేలి గుండా పంపి, అవతలి వైపు ఎంత చేరిందో చూస్తుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని వేరుచేసి, రెండు కాంతుల నిష్పత్తి కట్టి, ముందుగానే తనలో భద్రపరచిన పట్టికతో సరిపోల్చి ఆక్సిజన్ శాతాన్ని ప్రకటిస్తుంది. 1970వ దశకంలో జపాన్ ఇంజినీరు టకువో అవోయాగి వెలుగులోకి తెచ్చిన సూత్రమిది. ఆ పట్టికను ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులపై చేసిన పరీక్షలతో తయారు చేస్తారు. వారిలో అన్ని చర్మ వర్ణాల వారూ తగినంతగా లేకపోతే, ఆ లోటు ప్రతి పరికరంలోనూ మౌనంగా కొనసాగుతుంది.

2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన పరిశోధన ఈ లోటును అంకెల్లో చూపింది. ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం వరకు చూపించిన రోగుల ధమని రక్తాన్ని నేరుగా పరీక్షించినప్పుడు, నల్లజాతి రోగుల కొలతల్లో 11.7 శాతం, శ్వేతజాతి రోగుల కొలతల్లో 3.6 శాతం సందర్భాల్లో అసలు ఆక్సిజన్ స్థాయి 88 శాతానికి దిగువన ఉంది. పరికరం పాడవలేదు. లెక్క తప్పలేదు. కొలత పుట్టిన చోటే వివక్ష చేరింది.

ఆసుపత్రుల్లో పోగవుతున్న కోట్లాది అంకెలపై నేడు కృత్రిమ మేధ మోడళ్లు నిర్మితమవుతున్నాయి. వాటిని నిర్మించే బృందాల్లో, వాటికి సారథ్యం వహించే స్థానాల్లో బయోమెడికల్ ఇంజినీర్లు కనిపించడానికి మూలకారణం ఇక్కడే ఉంది. కోడ్ రాయడం చాలామందికి వచ్చు. ఒక అంకె శరీరంలో ఎక్కడ మొదలై, ఏ పరికరం గుండా సాగి, ఏ లోపాలను వెంటబెట్టుకుని పట్టికలోకి చేరిందో చెప్పగలిగేవారు కొద్దిమందే.

రెండు ప్రాంగణాల మధ్య పుట్టిన శాస్త్రం

ఈ కథకు ఢిల్లీలో అర్ధశతాబ్దపు నేపథ్యం ఉంది. అన్సారీ నగర్‌లోని ఎయిమ్స్, హౌజ్ ఖాస్‌లోని ఐఐటీ ఢిల్లీ కలిసి 1971లో బయోమెడికల్ ఇంజినీరింగ్ కేంద్రాన్ని ఏర్పాటు చేశాయి. ఒకచోట రోగులు, మరోచోట ప్రయోగశాలలు. ఇంజినీరు వైద్యుడి భాషను, వైద్యుడు ఇంజినీరు భాషను నేర్చుకోవలసిన అవసరాన్ని ఈ సంయుక్త కేంద్రం అధికారికంగా గుర్తించింది.

ఈ కేంద్ర స్థాపకుల్లో ముఖ్యుడు ఆచార్య సుజోయ్ కుమార్ గుహ. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివిన ఆయన అమెరికాలో శరీరధర్మ శాస్త్రంలో పరిశోధన పట్టా పొందారు. అప్పటికే ఆచార్యుడిగా ఉండి కూడా ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎంబీబీఎస్ పూర్తిచేశారు. రిసుగ్ అనే పురుష గర్భనిరోధక ఇంజెక్షన్ రూపకర్తగా ప్రసిద్ధుడైన గుహకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆయన డేటా శాస్త్రవేత్త కారు. అయితే ఒక శాస్త్రం హద్దు దాటాలంటే అవతలి తరగతి గదిలో విద్యార్థిగా కూర్చోవడానికి వెనుకాడకూడదని ఆయన జీవితం నిరూపించింది. ఈ రంగంలో మారదలచిన ప్రతి ఒక్కరికీ ఆ పాఠం నేటికీ వర్తిస్తుంది.

పేరు కొత్తది, పని పాతది

డేటా సైన్స్ అన్న పేరు ప్రచారంలోకి రాకముందే బయోమెడికల్ ఇంజినీర్లు ఆ పని చేస్తున్నారు. గుండె విద్యుత్ సంకేతాల విశ్లేషణ ఇందుకు తొలి ఉదాహరణ. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి కలిసి 47 మంది నుంచి సేకరించిన 48 అరగంట ఈసీజీ నమోదులను 1980లో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చాయి. ప్రతి స్పందనకూ నిపుణులు గుర్తులు పెట్టిన ఈ సంకలనం నేటికీ గుండె లయ మోడళ్లకు గీటురాయి. 1985లో జియాపు పాన్, విల్లిస్ టాంప్కిన్స్ ప్రకటించిన హృదయస్పందన గుర్తింపు పద్ధతి ఇప్పటికీ పాఠ్యాంశమే.

ఈ సంకలనంలోని ఒక చిన్న వివరం బయోమెడికల్ దృష్టికి, కేవల గణన దృష్టికి ఉన్న తేడాను చక్కగా చూపుతుంది. అందులో ఈసీజీని సెకనుకు 360 సార్లు నమోదు చేశారు. ఆ సంఖ్య యాదృచ్ఛికం కాదు. అమెరికాలో ఇంటి విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. మిల్లీవోల్టు స్థాయిలో ఉండే గుండె సంకేతంలోకి ఆ విద్యుత్ రొద చొరబడుతుంది. దానిని తేలికగా వడగట్టేందుకు వీలుగా 360ని ఎంచుకున్నారు. భారతదేశంలో విద్యుత్తు 50 ఆవృత్తులది. 60 కోసం చేసిన వడపోత ఇక్కడి 50ని తొలగించదు. ఈ సంగతి తెలియకుండా అక్కడి డేటాతో శిక్షణ పొందిన మోడల్‌ను ఇక్కడి ఆసుపత్రిలో పెడితే, అది గుండెతో పాటు గోడలోని తీగనూ చదువుతుంది. ఇటువంటి విషయాన్ని పట్టికలోని అంకెలు తమంతట తాము చెప్పవు. ఎలక్ట్రోడ్ అంటించి, తెరపై రొదను కళ్లారా చూసినవారికే అది స్ఫురిస్తుంది.

ముంబయి పట్టా నుంచి అట్లాంటా సంస్థ వరకు

ఈ ప్రయాణం ఒక వ్యక్తి జీవితంలో ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి ఢిల్లీ దాటి చూడాలి. ఆచార్య అనంత్ మాడభూషి 1998లో ముంబయి విశ్వవిద్యాలయం నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్ పట్టా పొందారు. 2000లో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణంలో అదే శాఖలో మాస్టర్స్, 2004లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బయో ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ పూర్తిచేశారు. 2005లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి, 2012లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయానికి మారారు. వైద్య చిత్రాల గణన విశ్లేషణకు అక్కడొక పరిశోధన కేంద్రాన్ని నడిపారు. 2022లో అట్లాంటాలోని ఎమోరీ విశ్వవిద్యాలయం, జార్జియా టెక్ సంయుక్త బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగానికి వెళ్లారు. 2023లో ప్రారంభమైన ఎమోరీ ఎంపథెటిక్ ఏఐ ఫర్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్‌కు ఆయన సారథి.

పదవుల వరుస కంటే ఆయన చేపట్టిన సమస్యల వరుస ఎక్కువ బోధిస్తుంది. సీటీ స్కాన్‌లో అంకెలకు స్థిరమైన కొలమానం ఉంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. ఎంఆర్‌ఐలో అటువంటి స్థిరత్వం లేదు. ఒకే వ్యక్తి, ఒకే యంత్రం, రెండు వేర్వేరు రోజులు అయినా ఒకే కణజాలానికి వేర్వేరు అంకెలు రావచ్చు. పెన్సిల్వేనియాలో జయరామ్ ఉడుపతో కలిసి మాడభూషి చేసిన తొలి పరిశోధనలు ఈ చిక్కు మీదే సాగాయి. ఎంఆర్‌ఐ చిత్రాల తీవ్రతను ఒక ప్రమాణానికి తేవడం, యంత్రం వల్ల ఏర్పడే అసమతను సవరించడం, ఈ రెండు పనులూ ఒకదానిపై మరొకటి చూపే ప్రభావాన్ని లెక్కగట్టడం ఆ పరిశోధనల సారం. వ్యాధిని గుర్తించే మోడల్ ఆ తరువాతి మెట్టు.

దాదాపు పదిహేనేళ్ల తరువాత ఆయన బృందం 2019లో హిస్టోక్యూసీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ప్రకటించింది. ఇది క్యాన్సర్‌ను కనిపెట్టదు. గాజు పలకపై ఉంచిన కణజాలాన్ని స్కాన్ చేసిన చిత్రంలో కలం గీతలు, గాలి బుడగలు, మడతలు, మసక భాగాలు ఎక్కడున్నాయో గుర్తించి, ఏ భాగం విశ్లేషణకు పనికిరాదో చెబుతుంది. బయటి ప్రపంచానికి ఆకర్షణీయంగా కనిపించని పని ఇది. దీనిని విస్మరిస్తే వైద్యుడు కలంతో గీసిన గుర్తునే మోడల్ కణితి లక్షణంగా నేర్చుకునే ప్రమాదం ఉంది.

2020లో అదే బృందం ప్రోస్టేట్ క్యాన్సర్‌పై ప్రచురించిన అధ్యయనం మరో మెట్టు ఎక్కింది. ఆఫ్రికన్ అమెరికన్ రోగుల్లో గ్రంథుల మధ్యనుండే ఆధార కణజాలపు ఆకృతిని విశ్లేషించి, శస్త్రచికిత్స తరువాత వ్యాధి తిరగబెట్టే అవకాశాన్ని అంచనా వేసేందుకు ఆ వర్గానికి ప్రత్యేకమైన మోడల్ ఉపయోగపడుతుందని చూపింది. అందరికీ ఒకే కొలబద్ద చాలదన్న ఆక్సీమీటర్ పాఠమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. ఇరవై ఏళ్లలో సాధనాలు మారాయి, హోదాలు మారాయి. ఈ అంకెను ఎంతవరకు నమ్మవచ్చన్న మొదటి ప్రశ్న మాత్రం మారలేదు.

నాయకత్వం అంటే నిర్ణయించే బాధ్యత

డేటా శాస్త్రవేత్త మోడల్‌ను నిర్మిస్తారు. డేటా సైన్స్ విభాగాధిపతి ఏ ప్రశ్నకు మోడల్ కావాలో, ఎప్పుడు దానిని రోగి దగ్గరికి పంపాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయిస్తారు. ఈ నిర్ణయాల్లో పొరపాటు జరిగితే ఎంత గొప్ప గణితమైనా ఆదుకోదని ఇటీవలి పరిశోధనలు చాటుతున్నాయి.

2019లో సైన్స్ పత్రికలో జియాద్ ఒబర్‌మేయర్ బృందం ప్రచురించిన అధ్యయనాన్నే తీసుకుందాం. అమెరికాలో విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక అల్గారిథమ్, అదనపు సంరక్షణ అవసరమైన రోగులను ఎంపిక చేసేది. అవసరాన్ని నేరుగా కొలవలేక, వైద్యంపై అయ్యే ఖర్చును దానికి బదులుగా తీసుకున్నారు. నల్లజాతి రోగులపై అయ్యే ఖర్చు తక్కువ కాబట్టి వారు ఆరోగ్యంగా ఉన్నారని మోడల్ భావించింది. ఆ లోపాన్ని సరిచేస్తే అదనపు సంరక్షణకు ఎంపికయ్యేవారిలో నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు తేల్చారు. భారతీయ పాఠకులకు దీనిని వివరించనక్కర్లేదు. చేతిలో డబ్బు లేక ఆసుపత్రి గడప తొక్కని కూలీ వైద్య బిల్లు సున్నా. ఆయన రోగం సున్నా కాదు.

2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వెలువడిన మరో అధ్యయనం, ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియాను గుర్తించే మోడళ్లు ఒక ఆసుపత్రిలో బాగా పనిచేసి బయటి ఆసుపత్రుల చిత్రాలపై తడబడటాన్ని నమోదు చేసింది. ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో ఆ యంత్రం దాదాపు తప్పు లేకుండా చెప్పగలిగింది. సాంకేతిక సిబ్బంది చిత్రం మూలన ఉంచే లోహపు గుర్తు సైతం దానికి ఆధారమైంది. న్యుమోనియా కేసులు ఎక్కువగా ఉన్న ఆసుపత్రిని గుర్తుపడితే సగం జవాబు దొరికినట్టే కదా.

2021లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో ప్రచురితమైన పరిశీలన మరింత సూటిగా ఉంది. అమెరికాలోని అనేక ఆసుపత్రుల్లో వాడుతున్న సెప్సిస్ హెచ్చరిక మోడల్‌ను మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 38,455 ఆసుపత్రి చేరికలపై పరీక్షించారు. సెప్సిస్ వచ్చినవారిలో 67 శాతం మందిని అది గుర్తించలేదు. అదే సమయంలో ఆసుపత్రిలో చేరినవారిలో 18 శాతం మందిపై హెచ్చరికలు మోగించింది. పదేపదే మోగే గంటను సిబ్బంది క్రమంగా పట్టించుకోవడం మానేస్తారు. అసలైన హెచ్చరిక ఆ రొదలో కలిసిపోతుంది.

ఈ చిక్కును చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు. వెయ్యి మందిలో పదిమందికి వ్యాధి ఉందనుకుందాం. వ్యాధి ఉన్నవారిలో 90 శాతాన్ని, లేనివారిలో 90 శాతాన్ని సరిగా చెప్పే మోడల్ మన చేతిలో ఉంది. అది పదిమందిలో తొమ్మిది మందిని పట్టుకుంటుంది. వ్యాధి లేని 990 మందిలో 99 మందిపై కూడా గంట మోగిస్తుంది. అంటే 108 హెచ్చరికల్లో నిజమైనవి 9 మాత్రమే. తొంభై శాతం ఖచ్చితత్వం అని ప్రకటనలో రాసుకున్న మోడల్, వార్డులో పన్నెండు సార్లు పిలిస్తే ఒక్కసారే నిజం చెబుతుంది. ఈ లెక్కను యాజమాన్యానికి ముందుగానే వివరించి, మోడల్ విడుదలను ఆపగల ధైర్యమే ఈ రంగంలో నాయకత్వ లక్షణం.

రాజధానిలో తెరుచుకున్న ద్వారాలు

ఢిల్లీలో ఈ తరహా కృషికి ఆదర్శమనదగిన ఉదాహరణ ఎయిమ్స్ పిల్లల అత్యవసర చికిత్స విభాగంలో లభిస్తుంది. శరీరం షాక్ స్థితిలోకి జారుతున్నప్పుడు చర్మానికి రక్త ప్రసరణ తగ్గి చేతులు, పాదాలు చల్లబడతాయి. అనుభవజ్ఞులైన వైద్యులు పొట్టను, పాదాన్ని తాకి ఈ తేడాను పసిగడతారు. ఎయిమ్స్ వైద్యులు, ఢిల్లీలోని ఇంద్రప్రస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ పరిశోధకులు భాగస్వాములైన బృందం పిల్లల ఉష్ణ చిత్రాలను తీసి, పొట్టకు, పాదానికి మధ్యనున్న ఉష్ణోగ్రత తేడాను యంత్రాభ్యసనంతో విశ్లేషించింది. బిడ్డను తాకకుండానే షాక్‌ను గంటల ముందుగా అంచనా వేయవచ్చని 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రకటించింది. ఈ పరిశోధకుల్లో ఒకరైన తవ్‌ప్రీతేశ్ సేఠీ వైద్యుడిగా శిక్షణ పొంది గణన శాస్త్రంలోకి వచ్చారు. ఇంజినీరు వైద్యం వైపు, వైద్యుడు గణన వైపు నడిస్తే ఇద్దరూ కలిసేది ఇక్కడే. శరీరధర్మం చెప్పిన సూచన, దానిని కొలిచే కెమెరా, దానిని లెక్కించే మోడల్ అనే మూడూ ఒకే గొలుసులో ఇమిడి ఉండటం ఈ అధ్యయనం విశిష్టత.

ఆరోగ్య డేటాకు సంబంధించిన నియమాలూ రాజధానిలోనే రూపుదిద్దుకుంటున్నాయి. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ నిర్వహిస్తున్న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. 14 అంకెల ఆభా సంఖ్యతో రోగి తన ఆరోగ్య రికార్డులను అనుసంధానం చేసుకోవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిర్వచనం ప్రకారం వ్యాధి నిర్ధారణకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నియంత్రణ పరిధిలోకి వస్తుంది. ఆరోగ్య రంగంలో కృత్రిమ మేధ వినియోగంపై భారత వైద్య పరిశోధన మండలి 2023లో నైతిక మార్గదర్శకాలను విడుదల చేసింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించింది. ఎయిమ్స్ ఢిల్లీని కేంద్ర ఆరోగ్య శాఖ కృత్రిమ మేధ ఉత్కృష్టతా కేంద్రాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.

గురుగ్రామ్, నోయిడాల్లోని వైద్య పరికరాల సంస్థలు, ఆరోగ్య బీమా కంపెనీలు, ఆసుపత్రి గొలుసులు, అంతర్జాతీయ సంస్థల సాంకేతిక కేంద్రాలు ఈ నియమాల పరిధిలో పనిచేయాలి. పరికరం తెలిసి, డేటా తెలిసి, నియంత్రణ తెలిసినవారి అవసరం ఈ మూడూ కలిసే చోట ఏర్పడుతోంది.

తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు ఇది పరాయి వ్యవహారం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలో, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగాలున్నాయి. విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల తయారీకి, పరీక్షలకు కేంద్రంగా ఎదిగింది. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ సొంతంగా ఎలక్ట్రానిక్ రికార్డుల వ్యవస్థను రూపొందించుకుంది. 2016 డిసెంబరులో మైక్రోసాఫ్ట్‌తో కలిసి నేత్ర వైద్యంలో యంత్రాభ్యసనానికి అంతర్జాతీయ కూటమిని ప్రారంభించింది. రికార్డులను క్రమశిక్షణతో నమోదు చేసే ఆసుపత్రే తరువాత మంచి మోడళ్లకు పునాది వేయగలదని ఈ సంస్థ అనుభవం చెబుతుంది.

దారిలో మూడు మజిలీలు

బయోమెడికల్ పట్టా ఒక్కటే ఎవరినీ డేటా సైన్స్ నాయకుడిని చేయదు. గణాంక శాస్త్రంలో, కార్యకారణ విశ్లేషణలో గణితం చదివినవారికి ఉన్న పట్టు చాలామంది బయోమెడికల్ పట్టభద్రులకు ఉండదు. పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థల నిర్మాణంలో కంప్యూటర్ సైన్స్ వారిది పైచేయి. ఈ లోటును నిజాయతీగా ఒప్పుకుని పూడ్చుకోవడం మొదటి మజిలీ. సంభావ్యత, గణాంక అనుమితి, రిగ్రెషన్, పైథాన్, డేటాబేస్ ప్రశ్నల భాష ఎస్‌క్యూఎల్ ఇందులో తప్పనిసరి. వీటికి తోడు వైద్య చిత్రాల ప్రమాణమైన డైకామ్, ఆసుపత్రుల మధ్య సమాచార మార్పిడి ప్రమాణమైన ఫైర్ తెలిసి ఉంటే ఇతరులకు లేని బలం చేకూరుతుంది.

ఉన్నత విద్య వైపు చూసేవారికి రెండు ద్వారాలున్నాయి. గేట్ పరీక్షలో బయోమెడికల్ ఇంజినీరింగ్ పత్రాన్ని 2020 నుంచి, డేటా సైన్స్, కృత్రిమ మేధ పత్రాన్ని 2024 నుంచి నిర్వహిస్తున్నారు. ఒక శాఖ నుంచి మరో శాఖకు మారే విద్యార్థి ఏ పత్రాన్ని ఎంచుకోవాలన్నది తాను చేరదలచిన సంస్థ నిబంధనలను చూసి నిర్ణయించుకోవాలి.

రెండో మజిలీ మోడల్‌ను శంకించడం నేర్చుకోవడం. ఒకే రోగికి చెందిన రెండు చిత్రాల్లో ఒకటి శిక్షణకు, మరొకటి పరీక్షకు వెళ్తే మోడల్ వ్యాధిని కాక మనిషిని గుర్తుపట్టి గొప్ప మార్కులు తెచ్చుకుంటుంది. అందువల్ల చిత్రాల వారీగా కాక రోగుల వారీగా డేటాను విభజించాలి. ఒక ఆసుపత్రిలో నెగ్గిన మోడల్‌ను మరో ఆసుపత్రిలో, మరో కంపెనీ యంత్రంపై, మరో ప్రాంతపు రోగులపై పరీక్షించాలి. విడుదల చేసిన తరువాతా కనిపెట్టుకుని ఉండాలి. స్కానర్ సాఫ్ట్‌వేర్ మారినా, ప్రయోగశాల రసాయనం మారినా, మోడల్‌కు చేరే అంకెల స్వభావం చెప్పాపెట్టకుండా మారిపోతుంది. ఆసుపత్రి పరికరాల నిర్వహణలో గడిపిన ఏళ్లు ఇక్కడ అక్కరకు వస్తాయి. క్యాలిబ్రేషన్ పుస్తకం తిరగేసిన అలవాటున్న ఇంజినీరుకు ఈ మార్పు ఎక్కడ జరిగి ఉంటుందో వెతకడం తెలుసు.

మూడో మజిలీ మనుషులతో పని. వైద్యుడు ఏమి అడుగుతున్నాడో గణన బృందానికి, గణన బృందం ఏమి ఇవ్వలేదో వైద్యుడికి, రెండింటికీ ఎంత సమయం పడుతుందో యాజమాన్యానికి వివరించగలగాలి. నర్సు రాత్రి రెండు గంటలకు రక్తపోటును ఎలా నమోదు చేస్తుందో వార్డులో నిలబడి చూడాలి. పనిభారం ఎక్కువైన రాత్రి పాత అంకెనే తిరిగి రాసే అవకాశం ఉంటుందని గ్రహించినవారు ఆమెను తప్పుపట్టరు. నమోదు విధానాన్ని సులభతరం చేస్తారు. మోడల్‌లోని లోపానికి మందు కొన్నిసార్లు కోడ్‌లో కాక డ్యూటీ పట్టికలో దొరుకుతుంది.

ఈ దారిలో నష్టాలూ ఉన్నాయి. బయోమెడికల్ పట్టభద్రుల్లో అనేకులకు తొలి ఉద్యోగం పరికరాల విక్రయంలోనో, మరమ్మతు సేవలోనో లభిస్తుంది. దానిని చిన్నతనంగా భావించి, ఆరోగ్య రంగాన్నే వదిలి మెరుగైన జీతం కోసం ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కొలువులో చేరేవారూ ఉన్నారు. కుటుంబ అవసరాల దృష్ట్యా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. అయితే వైద్య పరిజ్ఞానాన్ని పూర్తిగా పక్కనపెట్టి కోడ్ ఒక్కటే నమ్ముకున్నవారు, ఆ విద్యలో తమకంటే ఎంతో ముందున్నవారితో పోటీ పడవలసి వస్తుంది. పదేళ్ల తరువాత నాయకత్వ స్థానానికి ఎవరిని ఎంచుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, మరమ్మతుల రోజుల్లో విప్పి చూసిన మానిటరే వారికి అందరికంటే పెద్ద అర్హత కావచ్చు.

తిరిగి ఆక్సీమీటర్ దగ్గరికి

2020 నాటి పరిశోధన వెలువడిన తరువాత కథ అక్కడితో ఆగలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013 మార్గదర్శకాల ప్రకారం ఆక్సీమీటర్ ఖచ్చితత్వాన్ని పరీక్షించడానికి కనీసం పదిమంది ఆరోగ్యవంతులు ఉంటే సరిపోయేది. వారిలో ముదురు చర్మవర్ణం గలవారు ఇద్దరు, లేదా మొత్తంలో 15 శాతం, ఏది ఎక్కువైతే అంతమంది ఉండాలి. 2025 జనవరిలో ఆ సంస్థ ప్రకటించిన ముసాయిదా ఆ సంఖ్యను 150కి పెంచాలని, వివిధ చర్మవర్ణాల వారిని తగినంతగా చేర్చాలని ప్రతిపాదించింది.

పది మంది సరిపోతారని ఒకప్పుడు భావించినవారు దురుద్దేశంతో ఆ మాట అని ఉండరు. ఆ సంఖ్య వేల మైళ్ల దూరంలోని ఒక గదిలో, అర్ధరాత్రి వేళ, ఎవరి వేలిపై ఏ నిర్ణయంగా మారుతుందో ఊహించగలిగేవారు ఆ చర్చలో తగినంతమంది లేకపోయి ఉండవచ్చు. ఇప్పుడు అటువంటి అంకెలు లక్షలాదిగా మోడళ్లలోకి చేరుతున్నాయి. ఒక పరికరంలోని లోపం ఒక రోగి దగ్గర ఆగిపోతుంది. మోడల్‌లోని లోపం ఒకేసారి ఎన్నో ఆసుపత్రులకు చేరుతుంది. అందుకే సమావేశపు గదిలో అందరూ ఫలితాల పట్టికను మెచ్చుకుంటున్నప్పుడు, ఈ అంకెలను ఎవరిపై, ఏ యంత్రంతో కొలిచారని అడిగే ఒక గొంతు అవసరం. ఆ ప్రశ్న అడగడం బయోమెడికల్ ఇంజినీరుకు చదువు నేర్పుతుంది. జవాబు వచ్చేవరకు పనిని ఆపే అధికారం మాత్రం నాయకత్వ స్థానంలో ఉన్నప్పుడే దక్కుతుంది.